అన్నిటికీ పెట్టమన్నాను

నిరుడు మార్చి మూడో వారంలో మావారి ఉద్యోగం పోయింది. ఆ సంగతి ఆయన నాకు చెప్పిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నేను ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాను. ఆయన హాల్లో స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తుడుస్తున్నారు. మామూలుగా ఆ వేళకి ఆయన హైటెక్ సిటీ ఫ్లైఓవర్ మీద క్యాబులో ఇరుక్కుని ఉంటారు.

"అదేంటండీ, ఇంత తొందరగా వచ్చేశారు?"

"పదకొండింటికే వచ్చేశాను. టీమ్ మొత్తాన్ని తీసేశారు రాజీ. పద్దెనిమిది మందిమి." ఫ్యాను తిప్పి ఇంకో రెక్క తుడవడం మొదలుపెట్టారు. "ఆ బకెట్ కాస్త ఇటు జరుపు."

బకెట్ జరిపాను. ఏడవాలో అరవాలో తోచక వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడిగాను. కడిగిన బియ్యాన్నే మళ్ళీ కడిగాను.

ఆయన పేరు ఉదయ్ భాస్కర్. సాఫ్ట్‌వేర్ తయారయ్యాక అందులో తప్పులు పట్టుకునే పని ఆయనది. టెస్టింగ్ అంటారు. పదిహేడేళ్ళు ఒకే కంపెనీలో చేశారు. నలభై నాలుగేళ్ళ వయసులో ఇంటికి పంపేశారు. నేను రాజరాజేశ్వరిని. నాది గవర్నమెంటు ఉద్యోగం. మా డిపార్టుమెంటుకి వచ్చే ప్రతి కాగితానికీ నంబరు వేసి, ఎవరి బల్ల మీదికి వెళ్ళాలో వాళ్ళకి పంపే తపాలు సెక్షన్ నాది. మేం గుంటూరు నుంచి వచ్చి పదిహేడేళ్ళు. హఫీజ్‌పేట్ స్టేషను దగ్గర మా ఫ్లాటు, తొమ్మిదో తరగతి చదివే మా దేవిశ్రీ, నా నోరు, ఆయన మౌనం. ఇదీ మా కాపురం.

తపాలు సెక్షన్లో పదిహేనేళ్ళు కూర్చున్నాక నాకొక నమ్మకం గట్టిపడిపోయింది. అర్జీ ఒక్క చోట ఇచ్చి ఊరుకుంటే అది అక్కడే పడుంటుంది. పై అధికారికొక కాపీ, పక్క సెక్షనుకొక కాపీ, పదిహేను రోజులకొక రిమైండరు పంపాలి. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు విసుగెత్తి సంతకం పెట్టేస్తారు. పని అవుతుంది. ఇది నేను పుస్తకాల్లో చదివింది కాదు, నా చేతుల మీదుగా జరిగింది. లోకమంతా ఇలాగే నడుస్తుందని అనుకున్నాను.

మొదటి పదిహేను రోజులు ఓపిక పట్టాను. ఆయన పొద్దున్నే ఐదున్నరకి నడకకని స్కూటర్ మీద వెళ్ళేవారు. నడకకి స్కూటరెందుకో నాకు అర్థమయ్యేది కాదు. ఎనిమిదిన్నర దాటాక వచ్చి బాల్కనీలో మొక్కలకి నీళ్ళు పోసేవారు. నేను సాయంత్రం వచ్చేసరికి కంప్యూటర్ ముందు ఏదో చదువుతూ కనిపించేవారు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఇప్పటికి ఎన్ని కంపెనీలకి పంపించారు?"

"పంపడం కాదు రాజీ. ఒక్కో పోస్టుకి వేలమంది పంపుతున్నారు. ఎవరూ చదవరు. లోపలున్న మనిషి మన పేరు పెట్టాలి. హేమంత్ చూస్తానన్నాడు."

హేమంత్ ఆయన దగ్గరే పని నేర్చుకున్నవాడు. మూడేళ్ళ క్రితం ఇంకో పెద్ద కంపెనీకి మారి మేనేజరయ్యాడు.

"హేమంత్ వల్ల కాకపోతే?"

"ఇంకా ఒకరిద్దరున్నారు."

"ఒకరిద్దరేంటండీ! ఈ రోడ్డు పొడుగునా అద్దాల మేడలే కదా. అన్నిచోట్లా ఒక కాగితం పడేస్తే పోయేదేముంది?"

"ఊరికే అందరికీ పంచితే పని చెడుతుంది. నీకు అర్థం కాదులే."

ఆ చివరి మాట దగ్గర నాకు కాలింది. రోజుకి రెండు వందల కాగితాలు దాటించేదాన్ని, కాగితం ఎలా కదులుతుందో నాకు అర్థం కాదట.

ఏప్రిల్ వచ్చింది. ఎదురింటి భ్రమరాంబగారు "అన్నయ్యగారికి ఇంటి నుంచే పనా అండీ?" అని అడిగితే అవునన్నాను. ఆవిడ నమ్మినట్టే నవ్వారు. ఆ ఆదివారం మావారు మార్కెట్లో ఆవకాయకి కాయలు కొట్టించుకొచ్చి, నేల మీద పాత చీర పరిచి, ఒక్కో ముక్కా తీసి లోపలి పొర గోటితో లాగి, పొడిగుడ్డతో తుడుస్తూ కూర్చున్నారు. మూడు గంటలు తుడిచారు. ఒక్క ముక్కకి తడి ఉంటే ఒట్టు. నేను మాత్రం తలుపు పక్కన నిలబడి, ముక్కల మీద ఇంత శ్రద్ధ ఉన్న మనిషికి ఉద్యోగం మీద లేదేమిటా అని పళ్ళు నూరుకున్నాను. ఆవకాయ బ్రహ్మాండంగా కుదిరింది. ఆ మాట కూడా ఆయనతో అనలేదు.

మా ఆఫీసులో సత్తెమ్మ అని అటెండరు. గోపన్‌పల్లి మనిషి. భర్త మొగిలికి ఒకప్పుడు అక్కడ గేదెలుండేవట. ఇప్పుడు వాళ్ళింటి చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి, గేదెలు పోయాయి. ఒకరోజు నేను నంబర్లు తప్పు వేసి మళ్ళీ కొట్టేసుకుంటుంటే సత్తెమ్మ టీ గ్లాసు పెట్టి అక్కడే నిలబడిపోయింది.

"ఏంది మేడం, గిట్లయిపోతున్నరు? సార్ నౌకరి వోయిందంట గద. నాకు చెప్పకపోతిరి."

"నీకెవరు చెప్పారు?"

"గవన్నీ తెలుస్తయి తియ్యి. మా సాయిచంద్ మాదాపూర్ల కన్సల్టెన్సీల జేస్తడు గద. కంపెనీలకు మనుషులను పెట్టుడే ఆని పని. సార్ కాయితం ఇయ్యుండ్రి, నేను ఆనికి చెప్త."

నాకు నెత్తిన పాలు పోసినట్టయింది. సత్తెమ్మ చెయ్యి పట్టుకున్నాను కూడా.

మర్నాడు మావారు నడకకి వెళ్ళగానే కంప్యూటర్ తెరిచాను. రెజ్యూమే దొరకడం కష్టమేం కాలేదు. ఆయన ప్రతిదీ ఎక్కడ ఉండాలో అక్కడ ఉంచుతారు. పైన ఆయన ఫోన్ నంబరు ఉంటే అది తీసేసి నాది వేశాను. ఊరికే ఫోన్లు వచ్చి ఆయన చిరాకు పడకూడదని అనుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఉద్యోగం వచ్చాక, చూశారా, నేను తెచ్చాను అనాలని నాకు ఉబలాటంగా ఉంది. కాగితం సాయిచంద్‌కి పంపి, కంప్యూటర్ మూసి, ఏమీ ఎరగనట్టు పాలు పొయ్యి మీద పెట్టాను.

ఆ మధ్యాహ్నమే సాయిచంద్ ఫోన్ చేశాడు.

"నమస్తే మేడం. సార్ ప్రొఫైల్ సూసిన. పదిహేడేండ్లంటే మస్తుంది. కానీ అంత చేతితోని చేసే టెస్టింగే గద. ఇప్పుడు గది ఎవ్వలు సూస్తలేరు. ఆటోమేషన్, అంటే ప్రోగ్రాంతోని చేసే టెస్టింగ్ గూడ వచ్చని నాలుగు ముక్కలు నేనే కలుపుత."

"ఆయనకి రానివి రాయకు బాబూ."

"అందరు గట్లనే పెడ్తున్నరు మేడం. జర సాపు జేసుడంతే. ఇంటర్వ్యూ దాంక పోతే సార్ సూసుకుంటడు."

"సరే" అన్నాను.

"ఏ కంపెనీలకు పెట్టాలె మేడం?"

"అన్నిటికీ పెట్టు బాబూ. ఏదీ వదలొద్దు."

ఒప్పుకున్నట్టు ఫోన్లో ఒక మెసేజ్ పెట్టమన్నాడు. పెట్టాను. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కంటి నిండా నిద్రపోయాను. తర్వాత రెండు వారాల్లో నాకు మూడు ఫోన్లు వచ్చాయి. ఒకావిడ పూణే వెళతారా అంది. ఇంకొకతను ఇంగ్లీషులో ఏదో అడిగి, నేను ఆయన భార్యనని చెప్పగానే పెట్టేశాడు. మూడో ఫోను వచ్చినప్పుడు మా సూపరింటెండెంటు ఎదురుగా ఉన్నారు, నేను ఎత్తలేదు.

మే నెల సగంలో, రాత్రి గాలివాన పడి పొద్దున్నే చల్లగా ఉన్న రోజు, మావారు నడక నుంచి వస్తూ వేడి వేడి జిలేబీ పొట్లం తెచ్చారు. చెప్పులు గుమ్మంలో విప్పడం మరిచిపోయి తిన్నగా వంటింట్లోకి వచ్చేశారు.

"పోస్టు వచ్చింది రాజీ!"

"ఎక్కడ?"

"హేమంత్ కంపెనీలో. రెండు నెలలుగా వాళ్ళ పైవాళ్ళ వెంట పడి ఈ పోస్టు వేయించాడు. నాకున్న అనుభవం చూసుకుని, అచ్చంగా దానికి తగ్గట్టే అర్హతలు రాయించాడు. చేతితో చేసే టెస్టింగే. బ్యాంకుల పని కదా, ఆ రూల్సన్నీ తెలిసినవాళ్ళు కావాలట."

ఆయన అంత గబగబా మాట్లాడటం నేను పెళ్ళయిన కొత్తలో విన్నాను. అప్పుడే అన్నీ చెప్పారు. రోజూ వెళుతున్నది కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌కి. హేమంత్ అక్కడ నడుస్తాడు. ఇంకా పాత కంపెనీల వాళ్ళు ఐదారుగురు అక్కడికి వస్తారు. రోజుకొకరి పక్కన నడుస్తూ, ఎక్కడ ఏం ఖాళీ అవుతోందో అడుగుతూ, రెండు నెలలు తిరిగారు. నేను మొక్కలకి నీళ్ళు పోయడం ఒక్కటే చూశాను.

"నాకు చెప్పలేదేం?"

"అవ్వకపోతే నువ్వు ఇంకా దిగులు పడతావని." జిలేబీ ఒకటి తీసి నా నోట్లో పెట్టారు. "ఎల్లుండి నా పేరు వాళ్ళ సిస్టంలో పెడతాడు. ఇంకెవరి ద్వారానూ మీ రెజ్యూమే మా దగ్గరికి రాలేదు కదా అని రెండుసార్లు అడిగాడు. లేదన్నాను."

"వచ్చుంటే ఏమవుతుంది?"

"ఒకసారి కన్సల్టెన్సీ ద్వారా లోపలికెళితే ఆర్నెల్ల దాకా ఆ మనిషి వాళ్ళ తరఫు మనిషే. ఇంకొకరు పెట్టడానికి లేదు. అందుకే కదా నేను ఎవరికీ పంపంది."

పెనం మీద దోసె మాడుతోంది. నేను అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడ్డాను. చెప్పవలసింది అప్పుడే. అప్పుడు చెప్పుంటే రెండు రోజుల టైముంది. ఆయన హేమంత్‌తో మాట్లాడుకునేవారు, ఏదో దారి చూసుకునేవారు. కానీ ఆయన ముఖంలో ఆ వెలుగు చూసి రెండు నెలలైంది. దాన్ని నా చేతులతో ఆర్పడానికి మనసొప్పలేదు. అంతకంటే నిజం చెప్పాలంటే, నేను భయపడ్డాను. "దోసె మాడిపోయింది, ఇంకోటి వేస్తానుండండి" అన్నాను.

ఆఫీసుకి వెళ్ళగానే మెట్ల మీద నిలబడి సాయిచంద్‌కి ఫోన్ చేసి, కంపెనీ పేరు చెప్పి, దానికి పెట్టావా అని అడిగాను.

"యాది లేదు మేడం. రోజుకు నలభై మందిని పెడ్త. పెట్టిన గూడ ఎన్కకు గుంజుకునుడు రాదు. మీరు ఫికర్ జెయ్యకుండ్రి, మంచిగనే అయితది."

యాది లేదన్నాడు. పెట్టలేదన్నట్టే నేను విన్నాను. వినాలనుకున్నది అదే కాబట్టి అలా వినపడింది.

ఆ తర్వాతి పది రోజులూ మా ఇంట్లో పండగే. ఆయన కాగితాలు ముందేసుకుని చదివేవారు. దేవిశ్రీ నా చున్నీ కోటులా భుజాల మీద వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, భోజనాల బల్లకి అవతల కూర్చుని ఇంటర్వ్యూ చేసేది.

"మిస్టర్ ఉదయ్ భాస్కర్, మీ బలహీనత ఏంటి?"

"మీ అమ్మ మేడం."

"మీ బలం?"

ఆయన నా వైపు చూసి, "అదీ మీ అమ్మే" అన్నారు. దేవిశ్రీ బల్ల మీద కొట్టి నవ్వింది. నేనూ నవ్వాను.

మే ఆఖరి శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఆయనకి ఆ కంపెనీ హెచ్‌ఆర్ నుంచి ఫోన్ వచ్చింది. బాల్కనీలోకి వెళ్ళి అద్దం తలుపు వేసుకున్నారు. నేను హాల్లో బట్టలు మడతపెడుతున్నాను. మొదట నవ్వుతూ మాట్లాడారు. తర్వాత వింటూ ఉండిపోయారు. ఒకచోట ఫోన్ చెవి నుంచి కాస్త ఎడంగా జరిపి, అద్దంలోంచి నా వైపు చూశారు. ఏమైందన్నట్టు నేను తల ఎగరేశాను. ఆయన చూపు తిప్పుకుని ఫోన్లో రెండు మూడు మాటలన్నారు, అంతే. ఆ తర్వాత ఇంకెవరికో ఫోన్ చేసి కాసేపు మాట్లాడి లోపలికి వచ్చారు.

"ఏమన్నారండీ?"

"ఆ పోస్టు ఆగిపోయిందట."

"ఆగిపోవడమేంటి?"

"ఆపేశారు. పరిస్థితులు బాగా లేవు కదా."

నా తప్పును దాచుకోను. ఆ మాట వినగానే నాకు మొదట కలిగింది బాధ కాదు, ఊరట. పోస్టే ఆగిపోయిందంటే నా వల్ల పోలేదన్న మాట. పది రోజులుగా గుండెల మీద ఉన్న బండ దిగింది. అది దిగిన ఊపులో గొంతు లేచింది.

"నేను చెప్పానా! రెండు నెలలు హేమంత్ హేమంత్ అని జపం చేశారు. మొక్కలకి నీళ్ళు పోసుకుంటూ, మామిడి ముక్కలు తుడుచుకుంటూ కూర్చున్నారు. నాలుగు చోట్ల ప్రయత్నం చేసిన మగాడికి ఈపాటికి ఏదో ఒకటి దొరికేది. ఇంట్లో కూర్చుని తినడానికి అలవాటు పడితే ఎవరు మాత్రం ఏం చేస్తారు?"

దేవిశ్రీ తన గది గుమ్మంలో నిలబడి వింటోంది. అది నేను చూశాను. చూసి కూడా ఆపలేదు.

ఆయన సోఫాలో కూర్చుని, "నిజమేలే" అన్నారు. కాసేపటికి లేచి ఫ్రిజ్‌లోంచి మామిడిపండు తీసి, దేవిశ్రీని పక్కన కూర్చోబెట్టుకుని తొక్క తీశారు. ఎప్పటిలా సన్నగా, తెగకుండా తీశారు. ముక్కలు ప్లేటులో పెట్టి నాకూ ఇచ్చారు. నేను తినలేదు. ఆయన మీద కోపంతో తినలేదు.

జూన్‌లో వానలు మొదలయ్యాయి. ఒక పొద్దున్న ఆయన తన పాత షర్టుకి ఇస్త్రీ చేసుకుంటూ, "బాలానగర్‌లో పని దొరికింది. మా మధుకర్ వాళ్ళ వర్క్‌షాపు" అన్నారు. మధుకర్ ఆయనతో కలిసి ఇంజనీరింగ్ చదివినవాడు. పంపులకి కావలసిన ఇనుప భాగాలు చేస్తారక్కడ. అవి కొలతకి సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, తేడా ఉన్నవాటిని పక్కన పెట్టాలి. జీతం పాతదాంట్లో సగం కూడా లేదు.

"అక్కడ చెయ్యగలరా?"

"సాఫ్ట్‌వేర్ కంటే నయమేమో. తప్పు చేతికి తగులుతుంది."

హఫీజ్‌పేట్‌లో రైలెక్కి, భరత్‌నగర్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో వెళ్ళేవారు. సాయంత్రం చేతులకి నూనె మరకలతో వచ్చి, సబ్బుతో ఎంత తోమినా పోని గోళ్ళతో అన్నం కలుపుకునేవారు. ఫిర్యాదు లేదు, కబుర్లూ లేవు. నడకకి వెళ్ళడం మానేశారు. హేమంత్ ఫోన్లు ఆగిపోయాయి. ఒకసారి సూపర్ మార్కెట్లో అతను ఎదురై, మమ్మల్ని చూసి, బండి పక్క వరసలోకి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

"పని నేర్పిన మనిషిని పలకరించడానికి కూడా బరువైపోయిందా వీడికి? విశ్వాసం లేని మనిషి!" అన్నాను.

"అతని తప్పేం లేదు రాజీ. ఊరుకో" అన్నారు.

ఆషాఢంలో సత్తెమ్మ మమ్మల్ని బోనాలకి పిలిచింది. "సార్‌ను తప్పకుండ తోల్కొని రావాలె" అని మరీ మరీ చెప్పింది. నాకు ఇష్టం లేదు. సాయిచంద్ ఏమైనా వాగుతాడేమోనని భయం. దూరం, వాన, దేవిశ్రీకి పరీక్షలు అని సాకులు చెప్పాను. "పాప చదువుకుంటుంది. పెద్దావిడ అంతగా పిలిస్తే వెళ్ళకపోతే ఏం బాగుంటుంది?" అని ఆయనే స్కూటర్ తీశారు.

సత్తెమ్మ ఇంటి ముందు షామియానా వేశారు. వేపమండల వాసన, డప్పుల మోత. మొగిలి మావారిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఫ్యాను కింద కూర్చోబెట్టి, దగ్గరుండి వడ్డిస్తున్నాడు. నేను ఆడవాళ్ళ వైపు ప్లేటు పట్టుకుని నిలబడ్డాను. సాయిచంద్ నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చాడు. పాతికేళ్ళుంటాయేమో, నుదుట పసుపుతో చిన్నపిల్లాడిలా ఉన్నాడు.

"సార్ వచ్చుడు మస్తు ఖుషీ అయింది మేడం. ఆయన లేకుంటే ఈ యాల నాకు నౌకరి లేకుండె."

"అదేంటి?"

అతను తెల్లబోయాడు. "మీకు సార్ చెప్పలేదా?"

"నువ్వు చెప్పు."

వెనక్కి ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. "గా కంపెనోళ్ళకు సార్‌వి రెండు రెజ్యూమేలు వచ్చినయి మేడం. నేను పెట్టింది ఒకటి, ఆయన దోస్తు పెట్టింది ఒకటి. ఒకదాంట్ల ఆటోమేషన్ వచ్చని ఉంది, ఒకదాంట్ల లేదు. ఇది మీరే ఇచ్చిండ్రా, మీకు తెల్వకుండ కన్సల్టెన్సోళ్ళు పెట్టిండ్రా అని సార్‌ను అడిగిండ్రు. నాకు తెల్వదు అంటే అయిపోతుండె. ఆ పోస్టు సార్‌కే వస్తుండె. కాకుంటే కన్సల్టెన్సీ మీద ఎంక్వైరీ అయితుండె, నన్ను తీసేస్తుండ్రి."

"మరి ఆయన ఏమన్నారు?"

"నేనే ఇచ్చిన, నేనే రాసుకున్న అన్నడు."

డప్పులు దగ్గరికి వచ్చాయి. సాయిచంద్ నా చెవి దగ్గరికి వంగి చెప్పాడు. "రెజ్యూమే మీది నంబర్ సదివి, ఇది ఎవరిదని వాళ్ళు అడిగిండ్రంట. గది మీది. నా ఇంటి నంబరే అన్నడంట. ఆ ఎంబడే నాకు ఫోన్ జేసి, మా ఆవిడ ఇచ్చిందా బాబూ అని అడిగిండు. అవును సార్, మా అమ్మ మేడం ఆఫీసుల్నే జేస్తది, నన్ను మాఫ్ చెయ్యుండ్రి అన్న. నువ్వు పరేషాన్ గాకు, మేడంకు మాత్రం చెప్పకు అన్నడు. ఇప్పుడు నేనే చెప్పేస్తి."

పక్కనున్న కుర్చీలో కూర్చున్నాను. పోస్టు ఆగిపోలేదు. అబద్ధం రాసుకున్నవాడని ఆయన్ని తీసేశారు. హేమంత్ ముఖం తిప్పుకున్నది అందుకు. రెండుసార్లు అడిగినా లేదని ఈయన తనకి అబద్ధం చెప్పారనుకున్నాడు. ఇదంతా ఆయన అద్దం తలుపు అవతల నిలబడి, నా వైపు ఒక్కసారి చూసి, నెత్తిన వేసుకున్నారు. వేసుకుని లోపలికి వస్తే నేను ఏం మాటలన్నానో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. షామియానా అవతల మొగిలి "సార్ ఏం తింటలేడు, ఇంకింత ఏసుకోండ్రి" అంటున్నాడు. ఆయన చెయ్యి అడ్డం పెట్టి నవ్వుతున్నారు. అంత సిగ్గు నాకు జీవితంలో ఎప్పుడూ వేయలేదు.

సాయంత్రం ఐదున్నరకి బయల్దేరాం. సన్నగా తుంపర. రెండు వైపులా పెద్ద పెద్ద ఆఫీసులు, ఆదివారమైనా కొన్ని అంతస్తుల్లో దీపాలు. కొత్తగూడ సిగ్నల్ దగ్గర బండి ఆగింది. నేను ఆయన వీపు చూస్తూ అన్నాను.

"ఏమండీ, సాయిచంద్ చెప్పాడు."

ఆయన వెనక్కి తిరగలేదు. "చెప్పొద్దన్నానే."

"ఎందుకలా చేశారు?"

"ఇంకేం చెయ్యమంటావు? మా ఆవిడ నాకు తెలియకుండా పంపిందని ఎవరో ముక్కూ ముఖం తెలియని హెచ్‌ఆర్ అమ్మాయితో చెప్పమంటావా? తర్వాత వాళ్ళు నీకు ఫోన్ చేసి నిలదీస్తే?"

"పోనీ నాకైనా చెప్పొచ్చు కదా. ఆ రోజు నేను అన్ని మాటలన్నాను. అప్పుడైనా నా మొహం మీద కొట్టినట్టు చెప్పొచ్చు కదా."

"పిల్ల నిలబడి వింటోంది కదా రాజీ."

ఏడుపు ఆగలేదు. తప్పయిపోయిందన్నాను. ఆయన భుజం మీద చెయ్యి వేసి, హేమంత్ దగ్గరికి నేను వెళతాను, జరిగింది చెబుతాను, కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఆ సీటు ఎప్పుడో నిండిపోయింది. అది కాదు నా బాధ." బండి అద్దం మీది తుంపర చేత్తో తుడిచారు. "ఉద్యోగాలు పోతాయి, వస్తాయి. ఆ నంబరు చదివినప్పుడు నాకు ఒక్కటే అనిపించింది. ఇన్నాళ్ళూ నేను ఏ ప్రయత్నమూ చెయ్యట్లేదని అనుకున్నావు కదూ?"

కాదండీ అంటే సరిపోయేది. ఆయనకి కావలసింది ఆ ఒక్క మాటే. నోటి దాకా వచ్చింది కూడా. కానీ అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

ఎర్రదీపం ఆకుపచ్చగా మారింది. వెనకవాళ్ళు హారన్లు కొట్టడం మొదలుపెట్టారు. ఆయన ఇంకా బండి కదపలేదు, కాస్త మెడ వంచి నా మాట కోసం చూశారు. ఆ తర్వాత మెల్లగా ముందుకు పోనిచ్చారు.